వండిన రాళ్లు

ఆర్విల్ స్ట్రాండ్ టోపీ మీద ఒక్క గీత కూడా లేదు. దాని కింద తల మాత్రం పగిలి ఉంది.

డిప్యూటీ లోర్నా ఎచార్ట్ గొయ్యి అడుగున గొంతుక్కూర్చుని ఆ టోపీనే చూస్తోంది. ముసలాయన బోర్లా పడి ఉన్నాడు. నడుము నుంచి కాళ్ల దాకా మట్టి, నల్లరాళ్లు. పక్కన ఒక నీళ్ల పీపా. గొయ్యి గోడ విరిగిన చోట మన్ను ఇంకా పచ్చిగా ఉంది. సన్‌స్టోన్ అనే రంగురాళ్ల గనుల్లో ఇలాంటి చావులు కొత్త కాదు. గోడ కూలింది, మనిషి పోయాడు. ఎవరైనా అలాగే అనుకోవాలి. అలా అనుకోవాలని ఎవరో బాగానే చెమటోడ్చారు.

కానీ రాయి తల మీద పడితే ముందు టోపీ నలగాలి. నలగలేదు. అంటే దెబ్బ పడినప్పుడు నెత్తిన టోపీ లేదు. కొట్టిన మనిషి తర్వాత దాన్ని తెచ్చి, అంచు సవరించి, చచ్చినవాడి తలకి పెట్టాడు.

లోర్నా చాలా శవాలు చూసింది. చంపాక టోపీ సవరించినవాణ్ణి మాత్రం ఇంతవరకూ చూడలేదు.

ఆమె గొయ్యి ఎక్కి పైకి వచ్చింది. అక్టోబరు చివర. డబ్బు కట్టి తవ్వుకునే టూరిస్టులు ఎప్పుడో వెళ్లిపోయారు. రాబిట్ బేసిన్ అంతా సేజ్ పొదలు, వాటి మీద తెల్లటి ఉప్పు దుమ్ము. తెల్లవారుజామున నేల మీద నూగుమంచు పట్టింది. ఆ మంచు మీద బయటినుంచి వచ్చిన చక్రాల గుర్తులు లోర్నా జీపువి తప్ప ఇంకెవరివీ లేవు. క్యాంపులో మిగిలింది ముగ్గురు: ఐడా, ఆమె కొడుకు కోల్బీ, రాళ్ల వ్యాపారి లైల్. చంపింది ఆ ముగ్గురిలో ఒకరు.

రేడియోలో ఆమె పై అధికారి షెరిఫ్ అప్పటికే కేసు తేల్చేశాడు. నిన్న రాత్రి ముసలాయనతో గొడవపడింది ఐడా. శవాన్ని మొదట చూసింది ఐడా. నెత్తురు అంటింది ఐడా చేతులకి. చీకటిపడే లోపు ఐడాని తీసుకొచ్చి లాకప్‌లో వెయ్యమన్నాడు. ఆయనకి ఈ ఏడు ఎలక్షన్ ఉంది. కేసులు ఎంత తొందరగా మూస్తే అంత మంచిదని ఆయన లెక్క.

ఐడా ఆర్విల్‌కి మాజీ పెళ్లాం. పన్నెండేళ్ల క్రితం మొగుడికి విడాకులిచ్చింది కానీ రాళ్లకి ఇవ్వలేదు. అదే క్యాంపులో వేరే ట్రైలర్‌లో ఉంటూ, ఆర్విల్ తవ్వించిన రాళ్లని గ్రేడ్ చేస్తూ వచ్చింది. గనికి ఆమె కళ్లే పెట్టుబడి అని అందరూ అంటారు. ఆ మాట విని ఆమె కాదనలేదు.

ఇప్పుడు తన ట్రైలర్ మెట్టు మీద కూర్చుని ఉంది. చేతులు కడుక్కోలేదు.

"ఏం జరిగింది, ఐడా?"

"జరగాల్సింది జరిగింది. నేనే చంపాను. పద పిల్లా, చలేస్తోంది."

"దేంతో కొట్టారు?"

"సుత్తితో."

"సుత్తి ఏది?"

"విసిరేశా."

"ఎటు?"

ఐడా కొండ వైపు గడ్డం ఊపింది. అటు వెతకాలంటే సైన్యం కావాలి.

"కొట్టేటప్పుడు ఆయన ఎటు తిరిగి ఉన్నాడు?"

"అటు తిరిగి ఉన్నాడు. వెనకనుంచి కొట్టా."

"టోపీ పెట్టుకునే ఉన్నాడా?"

"ఆ మనిషి పడుకునేటప్పుడు కూడా టోపీ తియ్యడు. పెట్టుకునే ఉన్నాడు."

లోర్నాకి ఆ జవాబు చాలు. ఈమె చంపలేదు. చంపినవాళ్లకి టోపీ సంగతి తెలిసి తీరాలి. మరి చెయ్యని హత్య నెత్తిన వేసుకునేంత అవసరం ఈమెకేమొచ్చింది? ముగ్గురిలో ఈమె ఎవరికోసం జైలుకి వెళ్తుంది? దానికి జవాబు ఊహించడం కష్టం కాదు. కానీ ఊహని జడ్జి ముందు పెట్టలేం. సాక్ష్యం దొరక్కపోతే ఐడా ఒప్పుకోలు మీద ఐడాకే శిక్ష పడుతుంది. మిగిలిన బతుకంతా లోపలే. అసలువాడు ఈ గనిని ఏలుకుంటాడు.

ఆర్విల్ ట్రైలర్ గుమ్మానికి అడ్డంగా ప్రెస్కాట్ లైల్ నిలబడి ఉన్నాడు. పోర్ట్‌లాండ్ నుంచి వచ్చే రాళ్ల వ్యాపారి. ఇస్త్రీ చొక్కా, మెడలో భూతద్దం. నిన్న సాయంత్రమే సరుకు చూడ్డానికి వచ్చి తన వ్యానులో పడుకున్నాడు. పొద్దున ఐడా శవాన్ని చూసి వచ్చి చెప్పగానే శాటిలైట్ ఫోన్‌లో పోలీసులకి చెప్పింది ఇతనే. అప్పటినుంచి ఈ గుమ్మం వదల్లేదట. ఎవర్నీ లోపలికి రానివ్వలేదట. సాక్ష్యాలు చెడకూడదని అన్నాడు. లోపలున్న రాళ్లు వేరేవాళ్ల జేబులోకి పోకూడదని అతని భయం. ఆ కక్కుర్తి లోర్నాకి ఎంత మేలు చేసిందో అతనికి తెలియదు.

లోపల బల్ల మీద ఒక పెద్ద ట్రే. నిన్న జల్లెడ పట్టిన రాళ్లు, ఇంకా కడగనివి, తెల్లటి దుమ్ముతో గరుకుగా ఉన్నాయి. పక్కన ఒక గాజు గ్లాసు, ఖాళీగా. ట్రే మధ్యలో మూడు చోట్ల దుమ్ములో గుంటలున్నాయి, రాళ్లు లేవు.

"మూడు పోయాయి," అన్నాడు లైల్. "పెద్దవి. ఎర్రవి. రాత్రి నేను చూశా. చూడగానే కంట్లో పడేట్టు మధ్యలో పెట్టాడు ముసలాడు."

"మీరు తియ్యలేదు కదా?"

"నేనా?" లైల్ నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, వేళాకోళం ఉంది. దొంగ అన్నందుకు కాకుండా తెలివితక్కువవాడు అన్నందుకు నొచ్చుకున్నట్టుంది.

లోర్నా ఆ నవ్వుని వదల్లేదు.

"ఎందుకు నవ్వారు?"

"ఏం లేదు."

"నిన్న రాత్రి ఇక్కడున్నారు. ఆయనతో మీకూ పడదని ప్లష్ ఊళ్లో కొట్టువాళ్లందరూ చెప్తారు. బేడీలు ఒకటే జత తెచ్చా, ఎవరికైనా సరిపోతాయి. ఎందుకు నవ్వారు?"

లైల్ మెడలో భూతద్దాన్ని కాసేపు తిప్పాడు. చివరికి నోరు విప్పాడు.

ఆ మూడు రాళ్లూ వండినవి. ఇంకా చెప్పాలంటే అవి లైల్‌వే. ఈ నాలుగైదేళ్లుగా బజారులోకి వండిన రాళ్లు వచ్చి పడుతున్నాయి. ఎక్కడో దొరికే రంగులేని చవక రాయిని రాగితో కలిపి, కొలిమిలో వారాల తరబడి కాలుస్తారు. ఎర్రగా, ఇక్కడి ఒరెగాన్ రాయికి అన్నలా తయారవుతుంది. నిరుడు లైల్ అలాంటివి మూడింటిని ఆర్విల్ సరుకులో కలిపి అమ్మాలని చూశాడు. ఆర్విల్ పట్టుకున్నాడు. ప్లష్ కొట్లో అందరి ముందూ లైల్‌ని చెడామడా తిట్టి, ఆ మూడూ ఎవరికీ చూపకుండా తనే దాచేసుకున్నాడు.

"ఎలా పట్టుకున్నాడు?"

"ఆయన కాదు, ఐడా. పొడిగా చూస్తే ఎవడికీ తెలీదు. పైనంతా గీసిన గాజులా మసగ్గా ఉంటుంది కదా. నీళ్లలో ముంచితే ఆ మసక పోతుంది, లోపలిదాకా చూడొచ్చు. వండినదానికి రంగు బయటినుంచి లోపలికి పోతుంది. అంచున ఎరుపు, పగుళ్లలో ఎరుపు, నడిమధ్య వెలవెల. భూమిలో పుట్టినదానికి అంతా తిరగేసి. గుండెలో ఎరుపు, దాని చుట్టూ ఆకుపచ్చ, అంచు నీళ్లలా తెల్లగా. పక్కకి వంచితే లోపలి రాగి రేకులన్నీ ఒక్కసారే తళుక్కుమంటాయి."

"ఈ సంగతి ఈ క్యాంపులో ఎవరెవరికి తెలుసు?"

"నాకు, ఐడాకి, ముసలాడికి. కోల్బీకి చెప్పేవాళ్లు కాదు. చెప్తే వినోదం పోతుంది కదా."

ఏం వినోదమని లోర్నా అడిగింది. లైల్ సంతోషంగా చెప్పాడు. కోల్బీ ఆర్విల్‌కీ ఐడాకీ ఒక్కడే కొడుకు. ముప్పై నాలుగేళ్లు. తవ్వడం తప్ప ఇంకే పనీ చెయ్యనిచ్చేవాళ్లు కాదు. టూరిస్టులు మంట చుట్టూ చేరిన రాత్రుల్లో ఆర్విల్ ఒక ట్రే తెచ్చి, మంచి రాళ్లలో బజారులో కొన్న చిన్న చిన్న వండినవి కలిపి, మంచివి ఏరమని కొడుకు ముందు పెట్టేవాడు. కోల్బీ ప్రతిసారీ వండినవే ఏరేవాడు. ఓడితే మోకాళ్ల మీద మంట చుట్టూ తిరిగి మొరగాలి. అది పందెం. టూరిస్టులు ఫొటోలు తీసుకునేవాళ్లు.

"మీరూ నవ్వారా?"

"అందరూ నవ్వారు," అన్నాడు లైల్.

లోర్నా అతన్ని బయటికి పంపి, బల్ల మీదికి వంగింది. ట్రేలో రాళ్లు ఒక్కొక్కటీ చూసింది. వాటిలో పెద్దవాటన్నిటికీ ఒకవైపు బొటనవేలంత మేర దుమ్ము లేదు. ఆ శుభ్రమైన మచ్చ చుట్టూ సన్నటి బురద గీత, ఎండిపోయి ఉంది.

ఆమె ఇక్కడి పశువుల రాంచ్‌లో పుట్టిన పిల్ల. ఎండాకాలాల్లో ఈ బేసిన్‌లో రాళ్లు ఏరుకుంది. ఆ మచ్చ ఏమిటో ఆమెకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. తవ్వేవాడికి ప్రతి రాయికీ నీళ్ల కోసం లేచే తీరికెక్కడ? రాయి దొరకగానే నాలుకతో తడుపుతాడు. తడిస్తే రంగు తెలుస్తుంది. అది తప్పని కూడా ఎవరూ అనుకోరు. ముక్కు గోక్కున్నంత మామూలు.

లైల్ ఈ ట్రేని పొద్దున్నుంచీ కాపలా కాశాడు, కానీ చూడలేదు. అతని కళ్లన్నీ ఖాళీ గుంటల మీదే ఉన్నాయి.

కోల్బీ జల్లెడ యంత్రం దగ్గర బెల్టు బిగిస్తున్నాడు. తండ్రి శవం వంద గజాల దూరంలో ఉంది. పొద్దున ఎక్కడున్నావని అడిగితే నిద్రపోయానన్నాడు. ఎప్పుడు లేచావంటే అమ్మ కేక విన్నాకే అన్నాడు. నాన్న ట్రైలర్‌కి వెళ్లావా అంటే, వారంనుంచీ ఆ గడప తొక్కలేదన్నాడు. అమ్మ నేరం ఒప్పుకుందని లోర్నా చెప్పింది. అతను రెంచి ఆపలేదు.

"మరి తీసుకెళ్తావా?" అన్నాడు. "ఇవాళేనా?"

లోర్నాకి అతని మీద అప్పటిదాకా ఉన్న జాలి అక్కడ అయిపోయింది.

రాళ్ల మీద ఎంగిలిని ల్యాబ్‌కి పంపొచ్చు. రిపోర్టు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఐడా జడ్జి ముందు నిలబడి నేనే అంటుంది. షెరిఫ్ సంతోషంగా ఫైలు మూసేస్తాడు. ఏం చేసినా ఈ క్యాంపు వదిలే లోపు చెయ్యాలి.

మధ్యాహ్నానికి ఆమె ముగ్గుర్నీ ఆర్విల్ ట్రైలర్‌లో కూర్చోబెట్టింది. కాఫీ పెట్టింది. పాత ట్రేని సీలు వేసి జీపులో పెట్టేసింది. అందులోంచి ఒక రాయిని మాత్రం విడిగా సంచిలో వేసి జేబులో ఉంచుకుంది. జల్లెడ దగ్గర బకెట్‌లో మిగిలిన దుమ్ము రాళ్లని కొత్త ట్రేలో బల్ల మీద పోసింది. రెండు గ్లాసుల నిండా నీళ్లు పెట్టింది.

"పోయిన రాళ్లు ఎలా ఉంటాయో రిపోర్టులో రాయాలి," అంది. "నాకు రాళ్ల సంగతి తెలీదు. వీటిలో రంగున్నది తలా ఒకటి ఏరి ఇవ్వండి. అంతే. తర్వాత ఐడాని తీసుకుని బయల్దేరతా."

లైల్ ముందు చెయ్యి పెట్టాడు. ఒక రాయి తీసి, జేబురుమాలుతో తుడిచి, భూతద్దం కంటికి ఆనించి, కిటికీ వైపు తిరిగాడు.

ఐడా చూడకుండానే ఒకటి తీసింది. గ్లాసులో వేసింది. తల వంచి నీళ్లలోకి చూసింది. ముప్పై ఏళ్ల అలవాటు.

కోల్బీ ట్రేని రెండు చేతులతో తన వైపు లాక్కున్నాడు. వేళ్లతో కెలికాడు. ఒకటి పట్టుకున్నాడు. చెయ్యి పైకి లేచింది.

"నాలుక లోపల పెట్టుకోరా," అంది ఐడా. చాలా మెల్లగా అంది.

కోల్బీ చెయ్యి పెదాల దగ్గర ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది.

లైల్ భూతద్దం దించాడు. అతనికి ఇంకా అర్థం కాలేదు. లోర్నా అతనికే చెప్తున్నట్టు చెప్పింది, కళ్లు మాత్రం కోల్బీ మీదే ఉంచి.

"ట్రేలో పెద్ద రాళ్లన్నిటినీ ఎవరో నాకారు. మీరు తుడుస్తారు, నాకరు. ఐడా ముంచుతుంది. ఆర్విల్ కూడా ముంచేవాడే, గ్లాసు ఆయన బల్ల మీదే ఉంది. మిగిలింది వారంనుంచీ ఈ గడప తొక్కనివాడు. ఇంకో మాట. పోయిన మూడూ వండినవని మీకు తెలుసు, ఐడాకి తెలుసు. తెలిసినవాళ్లు పనికిరాని రాయి కోసం దొంగతనం చెయ్యరు. తెలియనివాడే తీశాడు."

"వండినవా?" అన్నాడు కోల్బీ.

హత్య గురించి కాదు. మొదట అడిగింది అది.

"అబద్ధం," అన్నాడు మళ్లీ. వంగి, కుడి బూటు విప్పి, మేజోడులోంచి మూడు రాళ్లు తీసి బల్ల మీద పెట్టాడు. తాను ఏం చేస్తున్నాడో కూడా గమనించలేదు. "చూడండి. తడి చేసి చూశా. రక్తంలా ఉన్నాయి. ఇవి వండినవెలా అవుతాయి?"

లోర్నా గ్లాసులోంచి ఐడా వేసిన రాయిని తీసేసి, ఆ మూడింట్లో ఒకదాన్ని గ్లాసులో వేసింది. నీళ్లలో మసక కరిగిపోయింది. అంచు చుట్టూ ఎర్రటి ఉంగరం. ఒక పగులు వెంట ఎర్రటి దారం. మధ్యలో ఏమీ లేదు, చల్లారిన అన్నం గంజిలా వెలవెల.

తర్వాత ఆమె జేబులోంచి సంచి తీసి, కోల్బీ నాకి వదిలేసిన రాయిని రెండో గ్లాసులో వేసింది. పైకి అది మురికి పంచదార పలుకులా ఉంది. నీళ్లలో దాని నడిబొడ్డున ఎరుపు వెలిగింది, చుట్టూ ఆకుపచ్చ. గ్లాసు కాస్త వంచితే లోపల రాగి రేకులన్నీ ఒక్కసారి తళుక్కుమన్నాయి. లైల్ ఊపిరి పీల్చిన చప్పుడు అందరికీ వినిపించింది. అతను చెయ్యి కూడా చాపాడు. లోర్నా ఆ చేతి మీద చిన్నగా కొట్టింది.

కోల్బీ రెండు గ్లాసులూ మార్చి మార్చి చూశాడు.

"ఇది చేతిలోకి తీసుకున్నా," అన్నాడు. "పాలిపోయిందని పడేశా."

"గొయ్యిలో ఏం జరిగింది?" అంది లోర్నా. అడిగే ముందే, మాట్లాడకుండా ఉండే హక్కు అతనికుందని చదివి వినిపించింది. అతను విన్నాడో లేదో తెలియదు.

తెల్లారకుండానే రాళ్లు తీసుకుని పోదామనుకున్నాడట. బండి దగ్గర తండ్రి ఎదురయ్యాడట. కోప్పడలేదట. నవ్వాడట. గొయ్యిలోకి రా, ఒకటి చూపిస్తా అన్నాడట.

"ఆయన నవ్వితే మొరగమంటాడు. ఎప్పుడూ అంతే. ముందు నవ్వుతాడు. కిందికి దిగి టోపీ తీసి నీళ్ల పీపా మీదికి వంగాడు. ఇక అక్కడ... రాయి తీసి కొట్టా. తర్వాత టోపీ పెట్టి, గోడ కూల్చా. నాకు వేరే ఏం తోచలేదు."

ఐడా కొడుకు మొహంలోకి చూసింది.

"నీళ్లు ముంచడానికి వంగాడు," అంది. "రాత్రి గొడవ దేనికనుకున్నావు? నువ్వు ఈ చలికాలం దాటి ఇక్కడ ఉండవని, నీకు నీళ్లలో చూడ్డం నేర్పకపోతే నేనూ పోతానని ఆయనతో అన్నా. చివరికి ఒప్పుకున్నాడు. ఆ మూడూ ట్రేలో పెట్టింది నీకు చూపించడానికే."

ట్రైలర్ బయట గాలి రేకుని కొడుతోంది. లోర్నా బేడీలు తీసింది. కోల్బీ రెండు చేతులూ చాపాడు, చాపి తల్లి వైపు తిరిగాడు.

"నీకు తెలుసు కదమ్మా. ఈ నాలుగేళ్లూ తెలుసు. ఒక్క గ్లాసు నీళ్లు. మంట దగ్గర నేను మొరిగిన ప్రతి రాత్రీ నువ్వు అక్కడే కూర్చున్నావు. నువ్వెందుకు చెప్పలేదు?"

ఐడా తన చేతులకి ఎండిపోయిన నెత్తురుని చూసుకుంది. లోర్నా ఆమె అబద్ధం చెప్తుందనుకుంది. చెప్పాలని కోరుకుంది కూడా. చిన్న అబద్ధం చాలు, వాడు దాన్ని పట్టుకుని జైల్లో ఎన్నేళ్లయినా ఉంటాడు.

"నీకు చెప్తే," అంది ఐడా, "మీ నాన్న నన్నెందుకు ఉండనిచ్చేవాడు ఇక్కడ?"

కోల్బీ తల ఊపాడు. అది అతనికి అర్థమైంది. వెలవెలబోయిన మొహంతో జీపు వైపు తనే ముందు నడిచాడు. వెనక సీట్లో కూర్చుని తలుపు వేసెయ్యమన్నాడు. బండి కదిలేటప్పుడు ఐడా మెట్టు మీదికి వచ్చి నిలబడింది. అతను అటు చూడలేదు.